పసుపుకాణి చేను: గాలికా, ఎండకా?

పొయ్యి మీద పాలు ఇంకా పొంగనే లేదు, తండ్రీ కొడుకులు మాత్రం అప్పుడే మొదలుపెట్టారు.

“ఎండంట ఎండ! సాయంత్రం కాగానే ఇంటికి పోయే ఎండని నమ్ముకొని విరుదునగరం జనం రాత్రికి చీకట్లో తడుముకుంటా అన్నం తినాల్నా?” అని వరండాలోంచి అరిచాడు నల్లసామి.

“గాలులు వీచే ఆడి మాసం దాటినాక మీ గాలి మాత్రం ఎక్కడికి పోతుంది నాయనా? అత్తారింటికా?” స్నానాల గదిలోంచే జవాబిచ్చాడు కొడుకు గోకులకృష్ణన్.

వంటింట్లో ముత్తులక్ష్మి నెత్తి కొట్టుకుంది. గ్రైండర్ స్విచ్చి విరిగి ఎన్నాళ్ళయిందో, గరిటె కాడతో నొక్కితే తప్ప అది తిరగదు. పట్టణానికి పట్టణానికే కరెంటు తెచ్చే మొనగాళ్ళు ఇంట్లో ఇద్దరున్నారు, ఆ స్విచ్చి మార్చే నాథుడు మాత్రం లేడు! ఎవరికి చెప్పుకుంటుంది? చెబితే దాని మీద కూడా వాదన పెట్టుకుంటారు.

కోవిల్‌పట్టికి కాస్త దూరంలో నల్లరేగడి ఊరు వాళ్ళది. ఎప్పుడో ముత్తాతల కాలంలో తెలుగు గడ్డ నుంచి వచ్చి స్థిరపడిన రైతు కుటుంబం. నల్లసామి కొన్నేళ్ళ కింద తన పొలంలో ఓ మూల గాలిమర కంపెనీకి ఇచ్చాడు. అది తిరగడం మొదలుపెట్టినప్పటి నుంచీ ఆయనకి అదే పెద్దకొడుకు. కన్నకొడుకు గోకులేమో కోవిల్‌పట్టిలో మేడల మీద సోలార్ పలకలు బిగించే వ్యాపారం పెట్టాడు. ఇక ఆ ఇంట్లో శాంతి ఎక్కడుంటుంది చెప్పండి!

ఇది చాలదన్నట్టు విరుదునగరంలో వర్తకుల సంఘం వార్షికోత్సవానికి పట్టిమండ్రం పెట్టింది. రెండు జట్లు వేదిక మీద వాదించుకోవడం, నడుమ కూర్చున్న పెద్దమనిషి తీర్పు చెప్పడం, జనం చప్పట్లు కొట్టి నవ్వుకోవడం ఆ ప్రాంతంలో తిరునాళ్ళంత సరదా. ఈసారి విషయం, పట్టణానికి కరెంటు ఇవ్వాల్సింది గాలా, ఎండా అని. తీర్పు చెప్పే పొన్నయ్య రిటైరైన హెడ్మాస్టరు, మహా గడుసు మనిషి. ఒకే ఇంటి తండ్రినీ కొడుకునీ చెరో జట్టులో కూర్చోబెడితే జనం విరగబడతారని వాళ్ళిద్దరికీ కబురంపాడు. ఆయన బాగానే ఉన్నాడు, నెల రోజులుగా నలిగిపోతున్నది ముత్తులక్ష్మి.

“అత్తా, మీరు ఏ జట్టు?” కాఫీ గ్లాసులు అందుకుంటూ కోడలు ఆర్తి కన్ను గీటింది. వత్రాప్ ఊరి నుంచి వచ్చిన పిల్ల, ఆ ఇంట్లో నవ్వడం ఇంకా మరిచిపోని మనిషి ఆ ఒక్కతే.

“నేను నోరు మూసుకునే జట్టు,” అంది ముత్తులక్ష్మి.

కానీ ఆ పొద్దున ఆమె నోరు మూసుకోలేదు. వానల ముందరి పురటాసి నెల వచ్చేసింది. రేగడి నేలలో వాన రాకముందే పొడి దుమ్ములో విత్తనం చల్లాలి. వాన వచ్చాక చేలో కాలు పెడితే మోకాలి దాకా దిగిపోతుంది. ఆమె పసుపుకాణి చేను ఇంకా దున్నలేదు. పెళ్ళిలో పుట్టింటివాళ్ళు ఆడపిల్ల పేరున రాసిచ్చే చేనుని పసుపుకాణి అంటారు. అది ఆమె సొంతం.

“ఏమయ్యా, పాలసామిని ట్రాక్టరు తీసుకొని ఇవాళే రమ్మని చెప్పు. నా చేనులో దనియాలు చల్లాల,” అని కాఫీ ఇస్తూ అంది.

నల్లసామి గ్లాసులోకి చూశాడు. “ఇప్పుడేం తొందర? సాయంత్రం పట్టిమండ్రం కానీ.”

“పట్టిమండ్రం కోసం వాన ఆగుతుందా?”

“ఈ ఏడాదికి ఆ చేను ఊరకుండనీలేమ్మా,” అన్నాడు గోకుల్ తల తుడుచుకుంటూ.

ముత్తులక్ష్మికి వింతగా తోచింది. ఉప్పు ఎక్కువైందని ఒకడంటే, తక్కువైందని ఇంకొకడు. ఎన్నడూ ఒక మాట మీద నిలవని ఈ ఇద్దరూ ఈ చేను దగ్గర ఒక్కటయ్యారేమిటి? అడగబోయేలోగా ఇద్దరూ మళ్ళీ గాలీ ఎండల వాదనలో పడ్డారు. ఆమె విసుగొచ్చి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం విరుదునగరం కల్యాణమండపం కిటకిటలాడింది. నూనె కొట్లవాళ్ళు, పప్పు వర్తకులు, వాళ్ళ ఇంటివాళ్ళు, శివకాశి నుంచి కూడా కొందరు వచ్చారు. ముత్తులక్ష్మీ ఆర్తీ ముందు వరసలో కూర్చున్నారు.

నల్లసామి పంచె సవరించుకొని తమిళంలో దంచేశాడు. పడమటి కొండ కనుమల్లోంచి వచ్చే గాలి పగలూ రాత్రీ చూడదన్నాడు. గాలిమర నిలబడేది ఓ మూలే, చుట్టూ సజ్జలు పండించుకోవచ్చు, సోలార్ పలకలు పరిస్తే గడ్డి పరక కూడా మొలవదన్నాడు. జనం ఈలలు వేశారు. గోకుల్ లేచి, గాలి నాలుగు నెలలు ఊపి మిగతా నెలలు మొహం చాటేస్తుందనీ, మన సీమలో కరువు లేనిది ఎండ ఒక్కటేననీ అన్నాడు. పగలు పట్టిన ఎండని బ్యాటరీలో దాచి రాత్రికి వాడుకోవచ్చన్నాడు. దానికీ చప్పట్లే. పొన్నయ్య మురిసిపోతూ మీసం దువ్వుకున్నాడు.

ఆ చప్పట్లే కొంప ముంచాయి. గోకుల్ ఊపులో, “చూస్తూ ఉండండి, మా ఇంటి చేనులోనే, మా అమ్మ పసుపుకాణిలోనే, పక్క చేలతో కలిపి పెద్ద సోలార్ తోట రాబోతుంది!” అనేశాడు.

నల్లసామి మొహం మాడిపోయింది. ఆయన మైకుకి కాస్త పక్కగా ఒరిగి తెలుగులోకి దిగాడు.

ఇక్కడో మాట చెప్పాలి. వాళ్ళకి తెలుగు ఇంటి భాష, గడప దాటితే తమిళమే. బస్సులోగానీ బజార్లోగానీ గుట్టు మాట ఏదన్నా ఉంటే తెలుగులో చెప్పుకుంటారు. పక్కవాడికి అర్థం కాదని వాళ్ళ ధైర్యం. తమలాంటి తెలుగు కుటుంబాలు చుట్టూ వందలున్నాయని ఆ ఆవేశంలో ఎవరికి గుర్తుంటుంది!

“ఒరే, బుద్ధుందా నీకు? ఆ చేను రెండో గాలిమరకి నేను మాటిచ్చేశా! మీ అమ్మ చేత సంతకం ఎట్ట పెట్టించాల్నా అని నేను చూస్తా ఉంటే, నడుమ నువ్వెవడ్రా?”

“నేనూ మాటిచ్చేశా నాయనా! గుడికని చెప్పి అమ్మని వచ్చే వారం రిజిస్ట్రార్ ఆఫీసుకి పిల్చుకొని పోదామనుకున్నా!”

మైకు అంత మంచిది, ఒక్క అక్షరం పొల్లుపోలేదు. సగం మండపం పగలబడి నవ్వింది. మిగతా సగానికి పక్కవాళ్ళు తమిళంలో చెప్పారు, వాళ్ళూ నవ్వారు. తండ్రీ కొడుకులు బిత్తరపోయి చూశారు. ఇంతలో ఎవరో ముందు వరస వైపు చూశారు, వాళ్ళని చూసి ఇంకొకరు. నవ్వు అలా అలా ఆగిపోయింది.

ముత్తులక్ష్మి లేచి నిలబడింది. కొంగు భుజం మీద సర్దుకొని బయటికి నడిచింది. ఆర్తి వెనకాలే పరిగెత్తింది.

చేతులు కడుక్కునే పంపుల దగ్గర నల్లసామి ఆమెని అందుకున్నాడు. ఆయన ముందు ఏమన్నాడో వినండి. “నలుగురి ముందు అట్ట లేచి వచ్చేస్తావా? నా పరువు ఏమైపోవాల?”

అప్పటిదాకా పట్టుకున్న ఓర్పంతా తెగిపోయింది ఆమెకి.

“నీ పరువా? నీ పరువు ఎవురయ్యా తీసింది, నేనా? మీరిద్దరూ మైకులో తీసుకున్నారు గదా! ఊరంతా విన్నాక నేను వినాల్నా, నా చేను ఏమైపోతుందో?”

“అది కాదమ్మా...” గోకుల్ వచ్చాడు.

“నువ్వు మాట్లాడకురా! గుడికని పిల్చుకొని పోతావా నన్ను? దేవుడి పేరు చెప్పి మోసం చేస్తావా అమ్మని?” “ఆ ఇంట్లో ఏ కూర వండాలన్నా మీ నాయన్ని అడిగా. పుట్టింటికి పోవాలన్నా అడిగా. ఎవర్నీ అడక్కుండా నేను కాలు పెట్టే చోటు ఈ బూమ్మీద అదొక్కటే. ఒక ఏడు మినుము వేశా, ఒక ఏడు దనియాలు వేశా, నా ఇష్టం! పంట పోయిన ఏడు కూడా పోయింది నాదే అని ఏడ్చుకున్నా. మా నాయన అది రాసిచ్చేటప్పుడు ఏమన్నాడో తెలుసా? ‘ఎవురింట్లో ఉన్నా, నీదని నిలబడే చోటొకటి ఉండాల తల్లీ’ అన్నాడు. దాన్ని మీరు ఒకడు గాలికీ ఒకడు ఎండకీ పంచేసుకున్నారా?”

నల్లసామి నేల చూపులు చూశాడు. “అడుగుదామనే అనుకున్నా లక్ష్మీ. నువ్వు వద్దంటావేమోనని...”

“వద్దంటానని బయమా? అంటే అది నాదని తెలుసన్నమాట!” ముత్తులక్ష్మి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. “అడిగుంటే ఇచ్చేదాన్నేమోనయ్యా. పట్నంలో పిల్లలు చదువుకోవద్దంటానా, ఆస్పత్రుల్లో ఫ్యాన్లు తిరగొద్దంటానా? ఒక్క మాట అడగడానికి ఏమొచ్చింది మీకు?”

ఆర్తి చెయ్యి పట్టుకొని ఆమె బస్టాండు వైపు వెళ్ళిపోయింది. లోపల పొన్నయ్య తీర్పు చెప్పడానికి ఇద్దరు వక్తలూ లేరని తెలిసి, కార్యక్రమం ముగిసిందన్నాడు. ఏ జట్టు గెలిచిందో ఎవరూ అడగలేదు.

తండ్రీ కొడుకులు కారులో ఇంటికి బయల్దేరారు. దారిలో సాత్తూరు దాటాక గోకుల్, “మనం తప్పు చేశాం నాయనా,” అన్నాడు. నల్లసామి తలూపాడు. అమ్మ మొహం చూస్తే గోకుల్‌కి అన్నం దిగలేదు, ఆ రాత్రి ఇద్దరూ మజ్జిగ తాగి పడుకున్నారు.

పొద్దున్నే ముత్తులక్ష్మి ఎవరితోనూ చెప్పకుండా పాలసామి ట్రాక్టరు వెంట చేనుకి పోయింది. పడమట మబ్బు కమ్ముతోంది. దున్నిన నల్లమట్టిలో, ఒడి నిండా దనియాలు పోసుకొని చల్లుతూ ఆమె అటూ ఇటూ తిరుగుతోంది. పక్క పొలంలో నల్లసామి గాలిమర నెమ్మదిగా తిరుగుతోంది. ఆమె కోపం ఇంకా దిగలేదు. గింజలు విసిరే తీరులోనే తెలుస్తోంది.

గట్టు మీద చెప్పుల చప్పుడైతే తల తిప్పి చూసింది. గోకుల్ నిలబడి ఉన్నాడు. “కంపెనీకి ఫోన్ చేసి చేను లేదని చెప్పేశానమ్మా,” అన్నాడు, కళ్ళు దించుకొని. “నాయన కూడా చెప్పేశాడు.”

ఆమె ఇంకో గుప్పెడు విసిరింది. కొడుకు వెనకాల నల్లసామి కనిపించాడు. ఆ చేనులోకి ఆయన ఎన్నిసార్లు వచ్చాడో, ఎన్నిసార్లు ఎడ్లని తోలాడో, ఎన్నిసార్లు ఇక్కడ నిలబడి ఆమెనే కసిరాడో లెక్కలేదు. ఈరోజు గట్టు దగ్గరే ఆగిపోయాడు. చెప్పులు విడిచాడు. లోపలికి కాలు పెట్టలేదు.

“లక్ష్మీ,” అన్నాడు. “లోపలికి రావచ్చునా?”

ముత్తులక్ష్మి చెయ్యి గాల్లోనే ఆగింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన తనని ఏదైనా అడిగి చెయ్యడం ఇదే మొదలు. నిన్నటి నుంచీ ఆపుకున్న ఏడుపు ఇప్పుడు తన్నుకొచ్చింది. మట్టి చేత్తోనే కళ్ళు తుడుచుకుంటే మొహమంతా నల్లగా అయింది.

“రా,” అంది. “ఇద్దరూ రండి. వాన ముంచుకొస్తా ఉంది.”

వాళ్ళిద్దరి ఒళ్ళో చెరి కాస్త దనియాలు పోసింది. నల్లసామి చల్లడం మొదలుపెట్టి, అలవాటు చొప్పున, “గాలి ఇటు నుంచి కొడుతోంది గదా, అటు పక్క నుంచి చల్లితే...” అన్నాడు. గోకుల్ వెంటనే, “కాదు నాయనా, ఎండ...” అన్నాడు.

“చాలించండి!” అని ముత్తులక్ష్మి గట్టిగా కసిరింది. ఇద్దరూ ఠక్కున నోరు మూసుకున్నారు. “ఈ పంట కోసినాక, మీ కంపెనీ వాళ్ళని తీసుకొని ఇద్దరూ నా దగ్గరికి రండి. కూర్చోబెట్టి వింటా. గాలికిస్తానో, ఎండకిస్తానో, ఎవరికీ ఇవ్వనో, అప్పుడు నేను చెప్తా.”

“సరి లక్ష్మీ,” అన్నాడు నల్లసామి.

“సరేమ్మా,” అన్నాడు గోకుల్.

ఆ ఇద్దరూ ఒక్కటై తన మాటకి సరేననడం ఆమె ఎన్నడూ వినలేదు. తడి కళ్ళతోనే నవ్వి, ఎటు నడవాలో చెయ్యి చాపి చూపించింది. వాళ్ళు అటే నడిచారు.