ఆరంభశూరుడి సిగ్నల్

"మొదట ఆకాశమంత ఎగిరి, ఆ తర్వాత తగ్గుతూ తగ్గుతూ సున్నాకి చేరే సిగ్నల్. ఇది ఎనర్జీ సిగ్నలా, పవర్ సిగ్నలా?" అని అడిగారు వర్గీస్ సార్.

మా టిజో ఠక్కున లేచాడు. "పవర్ సిగ్నలే సార్! ఆ ఎత్తు చూడండి!"

క్లాసంతా గొల్లుమంది. ఈ పాటి లెక్క తెలియకుండా ఇంజినీరింగ్ మూడో ఏడాదికి వచ్చినవాడు త్రిసూర్ మొత్తానికి వీడొక్కడే.

ముందు బెంచీలోంచి నిమిష వెనక్కి తిరిగింది. "ఎత్తు కాదు బాబూ, సగటు చూడాలి. కాలమంతటికీ పంచితే దాని పవర్ సున్నా. ఎప్పటికీ ఆగకుండా సాగేదే పవర్ సిగ్నల్, ఇది వచ్చిపోయే ఎనర్జీ సిగ్నల్. అచ్చం నీలాగే."

"నాలాగానా? నేనేం చేశాను?"

"ఓణం పండగ రోజు అందరి ముందూ పూలబుట్టతో మోకాళ్ల మీద కూర్చున్నావు. తర్వాత నెల్లాళ్లు పత్తా లేవు. నీ ప్రేమ ఎనర్జీ సిగ్నల్. వచ్చింది, పోయింది. ఆరంభశూరత్వం!"

వాడి ముఖం మాడిపోయింది. సాయంత్రం క్యాంటీన్లో నా చెయ్యి పట్టుకుని ఏడ్చినంత పని చేశాడు. "అది సిగ్గుతో కనబడలేదురా! నాకు నిమిషే కావాలి. ఏం చెయ్యమంటావు?"

"చిన్నదైనా సరే, రోజూ చెయ్యి. ఒక్కరోజు మానావో, ఇక నీ ముఖం చూడదు" అన్నాను. సలహాలివ్వడానికి నాదేం పోయింది!

మర్నాటి నుంచి రోజూ నాలుగింటికి లేడీస్ హాస్టల్ గేటు దగ్గర కాగితం పొట్లంలో పప్పుతో వేసిన ఒక్క పరిప్పు వడ. పూలు లేవు, మోకాళ్లు లేవు. నిమిష తీసుకునేది, "ఊఁ" అనేది, లోపలికి పోయేది.

అంతలో హర్తాళ్ వచ్చిపడింది. బస్సుల్లేవు, ఒక్క టీ కొట్టూ తెరవలేదు. పైగా కుండపోత. ఇవాళ్టితో వీడి పని సరి అనుకున్నాం.

నాలుగింటికల్లా గేటు ముందు తడిసి ముద్దయిన టిజో. ఇంట్లో తనే వడ వేసి, అంత దూరమూ నడిచొచ్చాడు. పొట్లం విప్పితే బొగ్గుముక్క.

నిమిష కొరికింది. "ఛీ, దీన్ని వడంటారా?" అంటూనే మొత్తం తినేసింది.

"ఇప్పుడైనా ఒప్పుకో. నేను పవర్ సిగ్నల్‌నేగా?"

"అప్పుడేనా? అనంతకాలం చూస్తే గానీ తేల్చకూడదు. సార్ చెప్పలేదూ?"

"అంటే?"

"అంటే మొద్దూ, జన్మంతా నా కళ్లెదుటే ఉండు, చూసి చెబుతాను. వడలు మాత్రం ఇకనుంచి నేనే వేస్తాను."