నీలం రాని సీసా

ఈసారి మాయమైంది మనిషి కాదు. రంగు.

ల్యాబ్ బల్ల మీద టెస్ట్ ట్యూబు వెలవెలబోతోంది. అది నీలంగా మారి ఉంటే బస్సు డ్రైవరు ఉద్యోగం నిలిచేది. మారలేదు. రోగం నటిస్తోందంటూ సాయంత్రం ఐదింటికి కంపెనీ ఆమెను తీసేయబోతోంది.

"నా శాంపిల్ మార్చేశారు మేడమ్! విరేచనంలో రక్తం పడుతుంటే నటనా? దారిలో బస్సాపి టాయ్‌లెట్‌కి వెళ్లనివ్వమన్నాను. అదీ నా నేరం!" అంది డ్రైవరు.

ఫిర్యాదు అందుకుని వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మకు ఆ పొగరు నచ్చింది.

"ఈ నీలం సంగతేంటి?" అని టెక్నీషియన్ని అడిగింది.

"పేగు వాచి పుండైతే తెల్లరక్తకణాలు అక్కడికి దండెత్తుతాయి. ఒక ఎంజైమ్ వదులుతాయి. అది తగిలితే ఈ మందు నీలమవుతుంది."

"శాంపిల్ ఈవిడదేనా?"

"డీఎన్ఏ చూశాం. ఈవిడదే."

సీసాలు తెచ్చిన కంపెనీ డాక్టరు నవ్వాడు. "సైన్సు అబద్ధమాడదు మేడమ్."

"మనుషులాడతారుగా."

ఇన్‌స్పెక్టరమ్మ ఫ్రిజ్ తెరిచింది. గుప్పున కంపు కొట్టింది.

"కరెంటు పోయి రెండ్రోజులు ఆగిపోయింది. పారేయాలి," అని నొచ్చుకున్నాడు టెక్నీషియన్.

ఆవిడ ముక్కు మూసుకుని మరీ వంగి చూసింది.

"డాక్టరుగారూ, డ్రైవర్లందరి సీసాలూ మీరే తెచ్చారు. అన్నిటి మూతలూ ఉబ్బాయి. ఈవిడ సీసా మూత ఉబ్బలేదేం?"

టెక్నీషియన్ ఉలిక్కిపడ్డాడు. "క్రిములు పెరగలేదంటే... అజైడ్! పాడవకుండా వేసే మందు. అది ఆ ఎంజైమ్ నోరు కూడా నొక్కేస్తుంది!"

డాక్టరు తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాడు. "శాంపిల్ చెడకూడదని... వేశాను."

"మిగతావాళ్ల మీద ఆ ప్రేమ లేదేం?"



"కొత్త సీసా ఇవ్వండి," అంది డ్రైవరు. "ఈ రోగంతో ఎంతసేపు పడుతుంది? ఇట్టే తెస్తా."

అన్నట్టే తెచ్చింది. టెక్నీషియన్ అందరి ముందూ పరీక్ష చేశాడు. మందు కలిపాడు.

ట్యూబు అడుగున చిన్న నీలిచార. చూస్తుండగానే అంతా నీలం.

డ్రైవరు కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు. ట్యూబు తీసి డాక్టరు ముక్కు ముందు పెట్టింది.

"నటన ఇంత నీలంగా ఉంటుందా సార్?"

ఇన్‌స్పెక్టరమ్మ డాక్టరుకు జీపు వైపు దారి చూపింది.

"రేపు కూడా ఆ బస్సు నేనే నడుపుతా," వెనకనుంచి డ్రైవరు గొంతు ఖంగుమంది. "అవసరమైన చోటల్లా ఆపుతా. ఎవడొద్దంటాడో చూస్తా!"