సున్నం పోసిన చేతులు

పురుగుమందుల అంగడి ముందు జీపు ఆగితే ప్రొద్దుటూరులో ఎవరూ తలెత్తి చూడరు. అందులోంచి నలుగురు దిగి, "చెట్ల డాక్టరు ఎవరప్పా?" అని అడిగితే మాత్రం ఆ డాక్టరుకు చెమటలు పడతాయి.

ఆదికి పట్టాయి. అగ్రికల్చర్ బీయెస్సీ చదివి ఆ అంగట్లో కూర్చున్నవాడు. జీపు జమ్మలమడుగు పక్క పల్లెలోని తిరుపాల్‌రెడ్డిది. తిరుపాల్‌రెడ్డికి అదే ఊళ్ళో పగవాడు ఓబులేసు. ఓబులేసు ఆదికి సొంత మేనమామ. ఆ సంగతి జీపులో వాళ్ళకు తెలియదు. చెప్పేంత తొందర ఆదికీ లేదు.

తిరుపాల్‌రెడ్డి వరండాలో యాభై కుండీలున్నాయి. మనీప్లాంట్లు, క్రోటన్లు, అన్నిటి ఆకుల మీదా పౌడరు రాసుకున్నట్టు తెల్లటి పొర.

"ఓబులేసుగాడు గోడమీది నుంచి విషం చల్లించినాడు," అన్నాడు తిరుపాల్‌రెడ్డి పడక్కుర్చీలోంచి. "ఏం మందో నువ్వు చెప్పు చాలు. ఈ పని చేసినోని రెండు చేతులూ నరికిస్తా."

"మా నాయన మాట తప్పడు డాక్టరు సారూ," అంది తలుపు పక్క నుంచి ఒక గొంతు. "బాగా చూసి చెప్పండి."

ఆది బాగానే చూశాడు, ఆ గొంతు వచ్చిన వైపు. అది రెడ్డి కూతురు వసంత. ఎలక్షన్ల గొడవల్లో డిగ్రీ చదువు ఆగిపోయి మూడు నెలలుగా ఇంట్లోనే ఉంది.

"జబ్బు ఆకులకు సారూ, నాకు గాదు."

ఆది తడబడి ఒక ఆకు పట్టుకున్నాడు. భూతద్దం పెట్టి చూశాడు. వేలితో రుద్దాడు.

"బూజు తెగులైతే వేలికి పిండి అంటాల. అంటలే. పిండినల్లి అయితే దూది మాదిరి గుంపులుగా, జిగటగా ఉంటాది. అదీ లేదు. ఒక నిమ్మకాయ కావాల."

నలుగురూ ఒక్కడుగు వెనక్కి వేశారు. వేటకొడవళ్ళకు బెదరని వాళ్ళు నిమ్మకాయకు బెదిరారు.

"చేతబడా అప్పా?" అన్నాడొకడు.

"కాదన్నా. రసం."

వసంత నిమ్మచెక్క, నీళ్ళు తెచ్చిచ్చింది. "మంత్రం మర్చిపోగాకండి," అంది మెల్లగా. ఆది నీళ్ళలో నాలుగు చుక్కలు పిండి, గుడ్డ తడిపి ఆకు మీద కాసేపు ఉంచి తుడిచాడు. ఆకుపచ్చగా తళతళలాడింది ఆకు.

"ఇది విషం గాదు సార్, సున్నం. మీ బోరు నీళ్ళలోదే. ఆకుల మీద పోస్తే నీళ్ళు ఆరిపోతాయి, సున్నం నిలబడిపోతాది." మామ బతికిపోయాడన్న సంతోషంలో ఆది నోరు ఇంకొంచెం జారింది. "ఆకుల మీద నీళ్ళు పోస్తాండేది ఎవరు?"

నలుగురూ నేల చూశారు. పెన్న ఏటి నీళ్ళొచ్చే కుళాయి ఓబులేసు వీధిలో ఉందని అది మానేసి బోరు వేయించిందీ, గడప దాటే వీల్లేక, పొద్దుపోక, రెండు పూటలా చెట్లకు తలంటు పోస్తున్నదీ ఆ పడక్కుర్చీలోని మనిషే. నీళ్ళ డబ్బా ఇంకా కుర్చీ పక్కనే ఉంది.

ఆది భూతద్దం జేబులో పెట్టుకుని గేటు వైపు చూశాడు.

"నాయనా," అంది వసంత, "చేతులు చాపు. కొడవలి తెమ్మంటావా?"

తిరుపాల్‌రెడ్డి తన చేతులు తాను చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఓబులేసుగాన్ని ఊరికే తిట్టినానే. మందేందప్పా మరి?"

"ఇట్లనే తుడిచి మంచినీళ్ళతో కడగాల. ఇంకమీద ఆకుల మీద గాదు, చెట్టు మొదట్లోనే పోయాల. పెన్న నీళ్ళయితే మేలు."

"ఆ కుళాయికాడికి మా మనిషి పోతే బిందె వస్తాది గాని తల రాదు."

"నేను తెస్తా సార్," అన్నాడు ఆది. ఇక దాచడం అతనివల్ల కాలేదు. "ఓబులేసు మా మేనమామ."

నలుగురూ ముందుకొచ్చారు. రెడ్డి చెయ్యెత్తి ఆపాడు. "ఆ మాట ముందే చెప్పుంటే నిన్ను నమ్ముతుంటినా? ఇప్పుడు ఆకు చూసినా. నమ్మక తప్పదు. తే పో."

ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం ఆది సైకిలు మీద బిందెలు మోశాడు. సంగతి తెలిసి ఓబులేసు గంటసేపు మీసం దువ్వుకుని, "తాగనీలే, చెట్లకు పార్టీ యాడిది," అన్నాడు. వసంత తుడిచేది, ఆది కడిగేవాడు. ఆకుకొక మాట, మాటకొక నవ్వు.

ఆరో వారానికి ఆకులన్నీ నిగనిగలాడాయి. రోగులకు నయమైందని దిగులుపడ్డ డాక్టరు జిల్లాలో ఆది ఒక్కడే. ఇక ఏ వంకతో వస్తాడు?

అప్పుడు కనబడింది, కిటికీ పక్క క్రోటన్ మీద తెల్లటి పొర. రుద్దాడు. పిండి లేదు, జిగట లేదు. కొత్త సున్నం.

"దీనికి బోరు నీళ్ళు పోసిందెవరు?"

వసంత గాజుల చేతులు రెండూ ముందుకు చాపింది. "నేనే. నరుకుతావో, పట్టుకుంటావో నీ ఇష్టం."

బీయెస్సీలో దీనికి మందు చెప్పలేదు. ఆది పట్టుకున్నాడు.

పడక్కుర్చీలోంచి దగ్గు వినిపించింది. పట్టుకున్న చేతులు విడిపోలేదు.

"ఆదీ, వచ్చే ఆదివారం బిందె మీ మామతో మోయించుకొని రా," అన్నాడు తిరుపాల్‌రెడ్డి, పేపరు దించకుండానే. "సున్నం మాత్రం మా బోరుదే. తాంబూలాలకు కావాల గదా."