ఎస్తేరు అడగని మాట

"అక్కా, మా శ్వేత ఈ పొద్దు కార్తీక సోమారం ఒక్కపొద్దు ఉంటానని మొండికేసింది! అన్నమే తిననప్పుడు సూది ఎందుకులే అని ఇంగా ఏయల్యా. మానేస్తే ఏమన్నా అయితాదా?"

ఫోనులోంచి ఆ గొంతు వినగానే ఎస్తేరు చేతిలో తడుతున్న జొన్నరొట్టె పళ్లెంలోకి జారిపోయింది. అయ్యో తల్లీ... అదే మాట! సరిగ్గా అదే మాట!

ఆ గొంతు కౌతాళం రుక్మిణిది. ఎస్తేరు ఆమె మొహం ఎన్నడూ చూడలేదు. ఎమ్మిగనూరులో మగ్గం నేసే కవిత, తన కూతురికి పసితనంలోనే చక్కెర జబ్బు వస్తే దిక్కుతోచక ఏడ్చి ఏడ్చి, చివరికి తనలాంటి తల్లులందరినీ వాట్సాప్‌లో ఒకచోట చేర్చింది. ఫ్రిజ్ లేని ఇంట్లో ఇన్సులిన్ సూదిమందును కొత్తకుండలో ఎలా దాచాలో, పిల్లాడికి చెమటలు పట్టి చేతులు వణికితే ముందు చక్కెర నీళ్లు తాగించాలని, అన్నీ ఎస్తేరు అందులో వాళ్లు పంపే గొంతులు వినే నేర్చుకుంది. అదే జబ్బున్న పన్నెండేళ్ల కొడుకు ఉదయ్‌ని రెండేళ్లు అలాగే కాపాడుకుంది. కానీ తను మాత్రం ఒక్కనాడూ నోరు విప్పలేదు! చదువుకున్నవాళ్లు నవ్వుతారేమోనని భయం, పాపిష్టి భయం!

పోయినేడు శుభశుక్రవారం నాడు ఉదయ్ "అందరూ ఉంటాండారు, నేనూ ఒక్కపొద్దు ఉంటా మా" అన్నాడు. సూది వేయాలా వద్దా అని అడగడానికి ఎస్తేరు ఫోను తీసింది, మైకు బొమ్మ నొక్కింది, సిగ్గుపడి వదిలేసింది. తిననివాడికి సూది ఎందుకని మానేసింది. సాయంత్రానికి వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస... మరునాడు ఆసుపత్రిలో బిడ్డ కన్ను మూశాడు.

సూది మానేసిన సంగతి ఆమె ఆసుపత్రిలో తప్ప ఎవరికీ చెప్పలేదు. మొగుడు దేవదాసు ఆ రోజు లారీ లోడింగ్ ఉందని ఆదోని యార్డుకు పోయాడు. ఎస్తేరు ఎన్నిసార్లు ఫోను చేసినా మూటల రొదలో వినబడలేదు. "పండగపూట పనికి పోయినా, దేవుడు నా కొడుకుని తీసుకపోయినాడు" అని నేటికీ గుండెలు బాదుకుంటున్నాడు. ఆదివారం గుడికి పోవడం మానేశాడు. ఆ నింద మొగుడు మోస్తుంటే ఈమె నోరు మూసుకుని చూస్తూ ఊరుకుంది. ఎంత పాపం!

ఇంతలో ఫోనులో ఇంకో గొంతు పలికింది. "ఒక్క పూటకేం కాదులే రుక్మిణీ, మానెయ్!"

ఎస్తేరు ఫోను దగ్గరికి లాక్కుంది. కవిత ఈ వేళకు మగ్గం గుంతలో ఉంటుంది, ఫోను చూడదు. పోనీ తను చెబుదామా అంటే దేవదాసు గడపలోనే చెప్పులు వేసుకుంటున్నాడు. వింటే ఇంక తన మొహం చూస్తాడా? వద్దు... కానీ ఆ పాపో?

పిండి చేత్తోనే మైకు నొక్కింది.

"రుక్మిణీ, మానొద్దమ్మా! నీ కాళ్లు మొక్కుతా! పాపతో ఒక్కపొద్దు ఇడిపించు. ఇప్పుడే డాక్టరుకు ఫోన్ జేసి అడుగు, ఆయప్ప ఎట్ల సెప్తే అట్ల సూది ఎయ్యి, అన్నం పెట్టు. తినకపోయినా ఒంటికి ఆ మందు కావాలంట, నాకు ఆసుపత్రిలో సెప్పినారు... అంతా అయిపోయినంక సెప్పినారు! నా ఉదయ్‌కి నేను సూది మానేసినా. నేనే! నా మొగుని తప్పేం ల్యా. నా సేతులతో నేనే నా బిడ్డను పోగొట్టుకున్నా తల్లీ..."

వేలు తీసేసి కొంగు నోట్లో కుక్కుకుంది. గడపలో చెప్పుల చప్పుడు ఆగిపోయింది. తలెత్తి చూడటానికి ధైర్యం చాలలేదు.

కాసేపటికి రుక్మిణి గొంతు ఏడుస్తూ వచ్చింది. "డాక్టరును అడిగి ఏసినా అక్కా. పాప అన్నం తింటాంది. నువ్వు సల్లగుండాల!" దాని వెనకే ఇంకో తల్లి, ఇంకో తల్లి... అందరివీ ఏడుపు గొంతులే. నవ్వినవాళ్లు ఒక్కరూ లేరు.

దేవదాసు చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. పొయ్యి ముందు, ఆమెకు కాస్త దూరంగా కూలబడ్డాడు.

"యాడాదిన్నర నన్ను కాల్చినావు కదే..." అన్నాడు. "ఆ పొద్దు నన్నన్నా ఒక మాట అడిగింటే ఏమయ్యేది ఎస్తేరూ?"

"అడిగింటే నువ్వేం సెప్పింటావయ్యా?"

దేవదాసు ఆలోచించాడు. కళ్లనీళ్లు గడ్డం మీదికి కారుతుంటే తుడుచుకోలేదు.

"నేనూ మానెయ్యమనే సెప్పింటా" అన్నాడు.