రంగు దారం కింద

మొదటి షిఫ్టు సైరన్ మోగి చాలాసేపయింది. వెంకటి బొగ్గుబావికి వెళ్ళిపోయాడు. గోదావరిఖని కాలనీలోని ఆ క్వార్టర్ వరండాలో అతని తండ్రి మొండయ్య చాప పరుచుకుని, వెదురు గాలపు కర్రకు ఇత్తడి రింగు కడుతున్నాడు. దారపు ఉండను కాలి బొటనవేలి కింద నొక్కిపెట్టి, కర్రను మోకాలి మీద తిప్పుతూ దారం చుట్టడం ఆయన పద్ధతి. చుట్టు పక్కన చుట్టు పడాలి. ఆ రింగుల్లోంచే గాలం తీగ పోతుంది కాబట్టి, పెద్ద చేప లాగినప్పుడు రింగు జారిందంటే చేప పోయినట్టే.

గోడకు ఆనించిన నాలుగు కర్రలకు వార్నిష్ ఆరింది. ప్రతి రింగు దగ్గరా మట్టిరంగు దారం మీద ఎర్రటి, పచ్చటి పట్టుదారం పట్టీలు మెరుస్తున్నాయి. వాటిని చూడగానే మొండయ్యకు చిర్రెత్తింది.

"ఏంది బిడ్డా గిది? గాలం కట్టెనా, పెండ్లి పందిరి గుంజనా?" అన్నాడు లోపలికి వినబడేలా.

కోడలు బాలలక్ష్మి చాయ్ తెచ్చి ముందు పెట్టింది. "కొనేటోళ్ళు గట్లనే ఇష్టపడుతుండ్రు మామా."

"కొనేటోడు సరే, చేపను అడిగినవా? దారం ఎక్కువైతే కట్టె బిగుసుకపోతది, వంగదు. మనం చుట్టేది రింగు ఆగెటందుకు, సోకుకు కాదు."

"జరంతనే చుట్టిన మామా."

వంటింట్లోంచి అత్త రాజక్క అందుకుంది. "పిల్ల ముచ్చటపడి చుట్టుకుంటది, నీ సొమ్మేం పోయింది? గా మట్టిరంగు చూసి చూసి నాకు ఇసుగొచ్చింది."

"నీకేం తెలుస్తది పనితనం? కోడలు అవ్వగారింటికి పోయినప్పుడు దామోదర్‌రావు వకీల్ సాబ్‌కు కట్టిచ్చిన సూడు, గది కట్టె అంటే! వార్నిష్ గూడ నేనే కొట్టిన. ఒక్క రంగు పోగు లేదు."

లోపలికి పోబోతున్న బాలలక్ష్మి గుమ్మంలోనే ఆగింది. చెల్లెలి కాన్పుకని పదిహేను రోజులు జమ్మికుంటలో ఉండి, నాలుగు రోజుల కిందటే వచ్చింది. ఈ సంగతి ఆమె వినడం ఇదే మొదలు.

ఆ ఇంట్లో అందరూ ఆమెకు రంగుల పిచ్చి అనుకుంటారు. పాపం, ఆమెకున్న నాలుగు చీరల్లో మెరిసేది ఒక్కటీ లేదు. అసలు సంగతి వేరు. మొండయ్య ముప్ఫై ఏళ్ళు బావిలో డ్రిల్లింగ్ మిషన్ పట్టిన మనిషి. ఆ అదురుకు వేళ్ళు మొద్దుబారిపోయాయి. బావి పనికి ఇక పనికిరాడని డాక్టర్లు రాస్తే, ఆయన ఉద్యోగం కొడుక్కిచ్చారు. సరదాకు నేర్చుకున్న గాలపు కర్రల పనే అప్పటినుంచి ఆయనకు లోకమైంది. కానీ దారం బిగిసిందో లేదో ఆ వేళ్ళకు తెలియదు. పైకి అంతా నున్నగానే ఉంటుంది, బొటనవేలితో నెడితే రింగు జారుతుంది.

రెండేళ్ళ కిందట వెంకటి, "నీ చెయ్యి వదులైంది బాపూ" అని నోరు జారాడు. మొండయ్య కంచం ముందు నుంచి లేచిపోయి రెండు రోజులు అన్నం ముట్టలేదు. చివరికి వెంకటే వచ్చి, "నేనే తప్పు చూసిన" అని అబద్ధమాడాక గానీ ముద్ద దిగలేదు.

అప్పటినుంచి వార్నిష్ పని తనదంటూ తీసుకుంది బాలలక్ష్మి. మామ కునుకు తీసే వేళకు ఆయన చుట్టిన దారం విప్పి, అదే దారంతో గట్టిగా చుట్టేది. అయితే ఆమెది ఎడమచేతి వాటం. ఆమె చుట్టు ఆయన చుట్టుకు ఎదురుగా తిరుగుతుంది. మొండయ్య ఒక్క చూపులో పట్టేస్తాడు. అందుకని పైన రంగు దారం కప్పేది. తిట్లు పడ్డా ఫరవాలేదు, ఆయన కంచం ముందు కూర్చుంటే చాలనుకుంది.

పది గంటలకు వాకిట్లో జీపు ఆగింది. కరీంనగర్ నుంచి దామోదర్‌రావు. చేతిలో కొన విరిగిన గాలపు కర్ర.

"కొట్లాటకు రాలే మొండయ్యా. జర చూడు," అన్నాడు ఆయన నెమ్మదిగా. "నిన్న పెద్ద బొచ్చె చేప పడ్డది. లాగేసరికి రింగులు జారినయ్. తీగ చిక్కుబడి కొన విరిగింది."

మొండయ్య ముఖం మాడిపోయింది. కర్ర వైపైనా చూడకుండా, దానికి రంగు పోగు లేదని పొద్దున తానే అన్నది మరిచి, కోడలి మీద విరుచుకుపడ్డాడు. "నేను చెప్తనే ఉన్న సాబ్! గీ రంగుల పనే ఇది. మా కోడలికి సోకు ఎక్కువ, పనికన్న సింగారం ముందు. నా పేరు ఖరాబ్ చేసినవు గదా! ఇయ్యాల్టి సంది నువ్వు కట్టెలు ముట్టద్దు."

పరాయి మనిషి ముందు ఆ మాట. బాలలక్ష్మి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తల వంచుకుని నిలబడిందే గానీ నోరు విప్పలేదు.

దామోదర్‌రావు కర్రను అటూ ఇటూ తిప్పి చూశాడు. "గీ కట్టెకు రంగు యాడున్నది మొండయ్యా? ఆ పిల్లనెందుకంటవు? పోయినేడు ఇచ్చినవు చూడు, దానికుండె రంగు. ఎన్ని చేపలు పట్టిన్నో, ఒక్క రింగు కదలలే."

మొండయ్య కర్ర అందుకున్నాడు. మొదటి నుంచి చివరి దాకా మట్టిరంగే, అంతా తన చుట్టే. బొటనవేలితో నెట్టాడు. రింగు జారింది. ఇంకోటి నెట్టాడు. అదీ జారింది.

లేచి గోడ దగ్గరికి వెళ్ళి అక్కడి కర్రలు ఒక్కొక్కటే నెట్టి చూశాడు. ఏ రింగూ కదల్లేదు. బ్లేడు తీసి ఒక ఎర్ర పట్టీ కోశాడు. దాని కింద దారం ఎదురు దిక్కున తిరిగి ఉంది.

"ఇది నా చుట్టు కాదు," అన్నాడు.

దామోదర్‌రావు లోకం తెలిసిన మనిషి. మళ్ళీ వస్తానని చెప్పి జీపెక్కాడు.

"ఎన్నొద్దుల సంది?" కోడలి వైపు తిరిగి అడిగాడు మొండయ్య.

"రెండేండ్లు మామా."

"అన్నీనా?"

"అన్నీ."

"మరి నాకెందుకు చెప్పలే? అందరు కలిసి నన్ను ఆటాడిస్తున్నరా?"

"ఎవ్వరికీ తెల్వదు మామా. మీ కొడుకుకు గూడ చెప్పలే." ఇక ఆపుకోలేకపోయింది బాలలక్ష్మి. "మా బాపు గిట్లనే పని బందైనంక గోడకు మొకం పెట్టి పండుకున్నడు. ఆర్నెల్లు గూడ బతకలే. నువ్వు బువ్వ మీదికెళ్ళి లేచిపోయిననాడు నాకు మా బాపే యాదికొచ్చిండు. నిన్ను గట్ల చూడలేక చేసిన. తప్పైతే కొట్టు, గనీ పని మాత్రం బందు పెట్టకు."

రాజక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొండయ్య తన రెండు చేతుల వంక చూసుకున్నాడు. చెంపల మీదికి జారిన నీళ్ళను తుడుచుకోలేదు.

"పరాయోళ్ళ ముంగట సోకులదానివంటిని. అయినా ఒక్క మాట అనకపోతివి గదా బిడ్డా," అన్నాడు.

మధ్యాహ్నం కంచంలో అన్నం వడ్డించి, బాలలక్ష్మి ఆయన చేతి వంకే చూస్తూ నిలబడింది. మొండయ్య కూర కలుపుకున్నాడు. తిన్నాడు. "జర మారు పెట్టు" అన్నాడు. రాజక్క గిన్నె తేవడానికి లోపలికి పోయి, అక్కడే కాసేపు ఏడ్చి వచ్చింది.

తర్వాత ఆయన వరండాలో దీపం వెలిగించి, కొత్త వెదురును దాని సెగ మీద తిప్పుతూ వంకర తీశాడు. ఇత్తడి తీగ వంచి రింగులు చేశాడు. చాప మీద ఒక పక్కకు జరిగి కోడలిని పిలిచాడు.

"కూచో. వెదురు సక్కగ చేసుడు, రింగులు వంచుడు నాది. చుట్టుడు ఇగ నీది. వకీల్ సాబ్ కట్టె ముందుగాల."

బాలలక్ష్మి కూర్చుంది. మొదటిసారి ఆయన ఎదుటే ఎడమచేత్తో దారం చుట్టింది. మొండయ్య బొటనవేలితో రింగును నెట్టి చూసి, తల ఊపాడు. ఆమె అలవాటు కొద్దీ ఎర్ర పట్టుదారం ఉండ అందుకుంది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"రంగు వద్దు బిడ్డా. నీ చుట్టు కనబడనీ."