విగ్రహం తిట్టిన తిట్లు

ఆ విశ్వవిద్యాలయంలో చీకటి పడ్డాక పెద్దాయన విగ్రహం ముందునుంచి ఎవరూ నడవరు. వాచ్‌మన్ అయితే వ్యాయామశాల చుట్టూ తిరిగి మరీ వెళ్తాడు.

ఆ విగ్రహం తిడుతుందట!

అరవదు... గుసగుసగా తిడుతుంది. కిందటేడు కెమిస్ట్రీ లెక్చరరు ఒకాయన, పక్క డిపార్ట్‌మెంటు ఆవిడతో కలిసి అటుగా వెళ్తుంటే — "సిగ్గు లేదూ మీకు?" అని వినిపించింది. చూస్తే చుట్టుపక్కల నరపురుగు లేదు. ఆయన ఒకటే పరుగు. ఇంటికెళ్ళి, ఎవరూ అడక్కుండానే, పెళ్ళాం కాళ్ళ మీద పడి అన్నీ ఒప్పేసుకున్నాడు. దెయ్యమైతేనేం, 'మీరు' అని మర్యాదగా తిట్టిందని జనం నవ్వుకున్నారు. నవ్విన వాళ్ళెవరూ మళ్ళీ ఆ దారి తొక్కలేదు.

పెద్దాయనంటే అక్కడి మొదటి వైస్ ఛాన్సలర్. పోయాక కంచుతో పోతపోసి ఎత్తైన దిమ్మ మీద నిలబెట్టారు. ఒక చేతిలో పుస్తకం. రెండో చేతి చూపుడువేలు, క్లాసులోంచి ఎవణ్ణో బయటికి పొమ్మంటున్నట్టు చాచి ఉంటుంది. కాకులకి మాత్రం ఆయనంటే బొత్తిగా భయం లేదు. అది ఆయన తల చూస్తే తెలుస్తుంది.

ఆయన కోడలు అక్కడే లైబ్రరీలో పనిచేస్తుంది. దెయ్యం సంగతికి అందరూ నవ్వినా ఆమెకి నవ్వు రాలేదు. బతికున్న మనిషి చేతే తిట్లు తిన్నది కదా! పెళ్ళయిన కొత్తలో పీహెచ్‌డీ చేస్తానంటే, "ఇంటికొక డాక్టరేట్ చాలు" అన్నాడాయన. అంతే, చదువు మూలపడింది.

ఇన్నాళ్ళకి మళ్ళీ ధైర్యం చేసింది. మర్నాడే పీహెచ్‌డీ సీటుకి ఇంటర్వ్యూ. సంగతి భర్తకి ఒక్కడికే తెలుసు. నోట్లో నాలుక లేని అత్తగారికి కూడా చెప్పలేదు.

ఆ సాయంత్రం లైబ్రరీలో చదువుకుంటూ కూర్చునేసరికి చీకటి పడింది. గాలివాన మొదలైంది. కరెంటు పోయింది. క్వార్టర్స్‌కి వెళ్ళే రోడ్డుకి అడ్డంగా చెట్టు పడిందన్నారు.

ఇక మిగిలింది విగ్రహం దారే.

చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని గబగబా నడిచింది. వాన కాస్త తెరిపిచ్చింది. మెరుపులో ఒక్కసారి మామగారు కనిపించాడు... ముక్కు చివర నీటిబొట్టుతో.

తల దించుకుని దాటబోయింది.

"...రేపే ఇంటర్వ్యూ..."

కాళ్ళు అక్కడే పాతుకుపోయాయి.

"కోడలు ఇంట్లో చెప్పలేదు... నాకు తెలీదనుకుంటోంది..."

పైప్రాణాలు పైనే పోయాయి ఆమెకి. చచ్చి కంచై కూడా ఈయన తన చదువు వదలడా!

అంతలో గుసగుస కాస్త హెచ్చింది —

"ఈసారి దాని జోలికొచ్చారో... ఊరుకునేది లేదు! సిగ్గు లేదూ మీకు? పిల్ల చదువు పాడుచేసి, ఇక్కడ పుస్తకం పట్టుకుని నిలబడతారా?"

కోడలు కళ్ళు చిట్లించింది.

విగ్రహం తనని తిట్టడం లేదే... విగ్రహాన్నే ఎవరో తిడుతున్నారు!

దిమ్మ వెనక్కి తొంగి చూసింది.

మెట్టు మీద, గొడుగు కింద, తల మీంచి శాలువా కప్పుకుని — అత్తగారు!

"అ... అత్తయ్యా! మీరా?"

పెద్దావిడ ఉలిక్కిపడింది. తర్వాత గొడుగు సర్దుకుంది.

"నేనే. బతికుండగా ఒక్కమాట అననిచ్చారా? నేను నోరు తెరిస్తే చాలు, లేచి వెళ్ళిపోయేవారు. ఇప్పుడెలా వెళ్తారు? కాళ్ళకి సిమెంటు వేశారుగా!"

"రోజూ వస్తారా?"

"వాకింగ్ అని చెప్పి వస్తున్నానుగా. ఇంకా మా పెళ్ళయిన మొదటేడాది తిట్లే పూర్తి కాలేదు."

కోడలికి నవ్వొచ్చింది. నవ్వుతూంటే కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. "ఇంటర్వ్యూ సంగతి మీకెలా తెలుసు?"

"మావాడి కడుపులో ఏ మాట ఆగుతుంది కనక! వాడి సంగతి అలా ఉంచు. రేపు నువ్వు వెళ్తున్నావు, అంతే."

కోడలు తలెత్తి, చాచి ఉన్న ఆ వేలికేసి చూసింది.

"అత్తయ్యా... నేనూ ఒకమాట అననా?" అంది మెల్లిగా.

అత్తగారు మెట్టు మీద కాస్త జరిగి చోటిచ్చింది.

"అలా గొణిగితే లాభం లేదమ్మాయ్. గట్టిగా అను. ఆయనకి ఇటువైపు చెవి సరిగా వినపడదు."