తాళం మీద సీలు

ఆ ఉదయం ఆకాశం తడి బూడిదలా కిందికి దిగి ఆగిపోయింది. కురవదు. విడవదు.

ఢాం! ఢాం!

షట్టర్ మీద లాఠీ దెబ్బలు.

బార్బర్ చేతిలో కత్తి ఆగిపోతుంది... సరిగ్గా కస్టమర్ గొంతు మీద!

బ్యాటరీ లైటు ఆర్పేస్తాడు. రెండు కుర్చీల సెలూన్. ఒకటే దారి. దానికి బయట తాళం. తెల్లవారకముందే ఇద్దరినీ లోపల పెట్టి తాళం వేసి వెళ్లింది బార్బర్ భార్య. మళ్లీ తొమ్మిదింటికి వస్తుంది.

"తనిఖీ వాళ్లు! కదలకండి మాస్టారూ..."

"దొరికితే?" గుసగుసగా అడుగుతాడు మాస్టారు.

"ఈ అంటురోగం తగ్గేదాకా కొట్టు మూస్తేనే సర్కారు సాయం. తెరిచామని తెలిస్తే పైసా రాదు. అద్దె కట్టలేక ఈ కుర్చీలు వీధిలో పడతాయి!"

"మరెందుకు తెరిచావ్?"

"అప్లికేషన్ పెట్టి మూడు నెలలండీ. రసీదు నమిలితే కడుపు నిండుతుందా?"

మాస్టారు ముఖం నిమురుకుంటాడు. ఒక చెంప నున్నగా ఉంది. రెండో చెంప నిండా నురగ.

బయట ఓ కుర్ర గొంతు. "తాళం వేసే ఉందండీ. సీలు వేసేయనా?"

"ఆగు. ఆఫీసర్ గారికి ఫోన్ చేసి ఓ మాట చెబుదాం," ముసలి గొంతు.



ట్రింగ్... ట్రింగ్...

ఫోన్ మోగుతోంది.

లోపల! మాస్టారు జేబులో!

మాస్టారు తడుముకుని నొక్కేస్తాడు. ఆగింది. కానీ...

"లోపల మోగిందండీ!"

"మోగలేదు." ముసలి గొంతు తడబడుతుంది. "నాకు వినబడలేదు. నీకూ వినబడలేదు. సీలు వెయ్!"

జిగురు కాగితం చరిచిన చప్పుడు. బూట్లు దూరమవుతాయి.

బార్బర్ లైటు వేస్తాడు. చేతిలో కత్తి అలాగే ఉంది.

"మాస్టారినని చెప్పారు... మీరు మాస్టారు కాదు!"

నురగ చెంప అడ్డంగా ఊగుతుంది.

"అంటే ఆ ఆఫీసర్ మీరే! నా సాయం కాగితం మీ టేబుల్ మీదేనా?"

"కట్టలో అడుగున."

"కొట్లన్నీ మూయించి, మీరే దొంగగా గడ్డం గీయించుకుంటారా!"

"పదింటికి పెద్దసారు వీడియో మీటింగ్. ఈ అవతారంతో కూర్చుంటే చీల్చేస్తాడయ్యా..."

"పోనీండి. సీలు పడింది, నేను మూసినట్టే. సంతకం పెట్టేయండి!"

"ఆఫీసుకెళ్తేనే కదా సంతకం! బయటికెళ్లాలంటే సీలు చింపాలి. చింపితే నీ సాయం రద్దు. ఇద్దరి మీదా కేసు. పద్నాలుగు రోజులు దాన్ని ముట్టుకోకూడదు."

"ఏ మహానుభావుడు రాశాడండీ ఆ రూలు?"

ఆఫీసర్ నేల చూపులు చూస్తాడు.

తొమ్మిది. చెప్పుల చప్పుడు.

"ఏవండీ! తాళం మీద ఈ కాగితమేంటి? చింపెయ్యనా?"

"వద్దు!!"

ఇద్దరూ ఒకేసారి అరుస్తారు.

చాలాసేపటికి బార్బర్ టిఫిన్ డబ్బా తెరుస్తాడు. మూతలో సగం పెట్టి ఆఫీసర్ వైపు తోస్తాడు. ఎండిన నురగ పొలుసులుగా మూతలో రాలుతుంది. ఆఫీసర్ వేలితో పక్కకు తీసి తింటాడు.



షట్టర్ అవతల మెట్టు మీద కూర్చుని, బార్బర్ భార్యా తను తెచ్చుకున్నది తింటుంది.